కారు పెయింట్‌లో నానో కణాలు, కాలేయానికి క్యాప్సూల్స్: కాజీపేట పాఠకురాలికి జవాబు

ప్రశ్న: మాది కాజీపేట. మావారికి 44 ఏళ్లు. వరంగల్ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నారు. ఈమధ్య 'నానో సిరామిక్ కోటింగ్' కూడా వేస్తున్నారు. ఇన్సూరెన్స్ కోసం రక్త పరీక్ష చేయిస్తే కాలేయ ఎంజైములు ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 52 వచ్చాయి. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్-1 ఫ్యాటీ లివర్ అన్నారు. బిలిరుబిన్, షుగర్ నార్మల్. ప్లేట్‌లెట్లు 2.3 లక్షలు. బరువు 82 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. వారంలో రెండు మూడుసార్లు మద్యం తీసుకుంటారు. మా బాబు ఎం.ఫార్మసీ చదువుతున్నాడు. టైటానియం డయాక్సైడ్ నానో కణాలు ఎలుకల కాలేయాన్ని ఎలా పాడుచేస్తాయి, యాంటీ ఆక్సిడెంట్లు ఎలా కాపాడతాయి అన్నదే వాడి ప్రాజెక్టు. "నాన్న రోజూ పీల్చేది అదే" అని పట్టుబట్టి సిలిమరిన్ (ఒక మొక్క గింజల సారం), విటమిన్-ఇ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, మిరియాల సత్తు కలిపిన పసుపు క్యాప్సూల్స్ తెప్పించాడు. నెలకు మూడు వేల పైనే అవుతోంది. ఇవి ఎన్నాళ్లు వాడాలి? పెయింటింగ్ పని మానేయమనాలా? బాబు చేస్తున్న ప్రాజెక్టుకు నిజంగా విలువ ఉందా?

జవాబు:

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆలస్యం చేయకూడదు కాబట్టి ముందు అదే చెప్తాను. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, మిరియాల సత్తు కలిపిన పసుపు క్యాప్సూల్స్ ఈ రోజే ఆపేయండి. మిగతా మూడూ డాక్టర్‌కు చూపించేదాకా పక్కన పెట్టండి. మీరు రాసిన రిపోర్టులను బట్టి చూస్తే, వీటిని ఆపినందువల్ల మీవారికి వచ్చే నష్టమేమీ కనిపించడం లేదు. కొనసాగిస్తే మాత్రం రావచ్చు.

పసుపును తప్పుపడుతున్నానని అనుకోకండి. కూరలో వేసే పసుపుకీ ఈ క్యాప్సూల్‌కీ చాలా తేడా ఉంది. పసుపులోని కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. చేరిన కాస్తనూ కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. మిరియాల్లోని పైపరిన్ ఈ ఏర్పాటుకు అడ్డుపడుతుంది. 20 మిల్లీగ్రాముల పైపరిన్ తోడైతే మనిషి రక్తంలోకి చేరే కర్క్యుమిన్ దాదాపు 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. సప్లిమెంట్ల కంపెనీలు డబ్బా మీద గొప్పగా వేసుకునేది ఆ లెక్కనే. కానీ శరీరం ఒక పదార్థాన్ని లోపలికి రానివ్వడం లేదంటే, దాన్ని బలవంతంగా పంపడం మంచిదేనా అని ఎవరూ అడగరు. మందుల వల్ల దెబ్బతిన్న కాలేయాల కేసులను నమోదు చేసే అమెరికా వైద్య బృందం ఒకటి, పసుపు సప్లిమెంట్లతో వచ్చిన హెపటైటిస్ (కాలేయ వాపు) కేసులను 2022లో ప్రచురించింది. వాటిలో మిరియాల సత్తు కలిపిన రకాలూ ఉన్నాయి.

గ్రీన్ టీ సంగతీ అంతే. రోజుకు రెండు కప్పులు తాగితే భయం లేదు. క్యాప్సూల్‌లో ఉండేది ఆకుల నుంచి తీసి చిక్కబరిచిన కాటెకిన్లు. వాటిలో ముఖ్యమైన ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నవాళ్లలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. అంటే ఎస్‌జీపీటీ తగ్గాలని మింగే మాత్రే ఎస్‌జీపీటీని పెంచవచ్చు. ఎవరైనా తిప్పతీగ కషాయం తాగమన్నా ఇదే జాగ్రత్త. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసమని దాన్ని నెలల తరబడి తాగి పచ్చకామెర్లతో ఆసుపత్రికి వచ్చినవాళ్ల కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆకు, వేరు, చెక్క కదా, ఏం చేస్తుందిలే అనుకోవడం మనవాళ్లకు బాగా అలవాటు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఐదు రకాలు ఒకేసారి వేసుకుంటూ రెండు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే, ఎస్‌జీపీటీ 50కి దిగినా 120కి ఎక్కినా దేనివల్లో తేల్చుకోలేరు. మీ అబ్బాయికి ఇది చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. ఎలుకల గుంపుల్లో వాడు ఒప్పుకోని పద్ధతిని నాన్న మీద ఎలా చేశాడని అడగండి.

ఇప్పుడు మీ అబ్బాయి వాదన. అందులో సగం నిజం ఉంది, ఆ సగం గట్టిదే.

నానో కణం అంటే 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య పరిమాణం ఉన్న కణం. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. అంత చిన్న కణాలు ఒకసారి రక్తంలోకి చేరితే ఎక్కువగా పోగయ్యేది కాలేయంలోనే. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయంలోకే వెళ్తుంది. అక్కడి రక్తనాళాల గోడలకు కుఫర్ కణాలనేవి అతుక్కుని ఉంటాయి. రక్తంలో కొట్టుకువచ్చే బ్యాక్టీరియా ముక్కల్నీ, ధూళి కణాల్నీ పట్టి మింగడం వాటి పని. నానో కణాన్ని కూడా అలాగే పట్టి మింగుతాయి. టైటానియం లాంటిది కరగదు కాబట్టి లోపలే ఉండిపోతుంది. వెండి, జింక్ ఆక్సైడ్ కణాలు మెల్లగా కరిగి అయాన్లు వదులుతాయి. రెండు రకాలూ కాలేయ కణంలో చురుకైన ఆక్సిజన్ రూపాల్ని పుట్టిస్తాయి. వాటిని చల్లార్చడానికి కణం తాను తయారు చేసుకునే సొంత యాంటీ ఆక్సిడెంట్ గ్లూటాథయోన్‌ను ఖర్చు చేస్తుంది. అది అయిపోయాక ఆ ఆక్సిజన్ కణపు పొరలోని కొవ్వుల మీద పడుతుంది, పొర చిల్లుపడుతుంది, లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. రిపోర్టులో మీరు చూసిన ఎస్‌జీపీటీ అలా కారే ఎంజైమే.

ఎలుకలకు ఈ కణాలతో పాటు క్వెర్సెటిన్ (ఉల్లిపాయల్లాంటి వాటిలో ఉండే యాంటీ ఆక్సిడెంట్), విటమిన్-ఇ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్, సిలిమరిన్ లాంటివి ఇస్తే ఈ నష్టం తగ్గుతోందని చాలా ప్రయోగాల్లో కనిపించింది. గ్లూటాథయోన్ నిల్వ నిలుస్తుంది, ఎంజైములు దిగుతాయి, సూక్ష్మదర్శిని కింద కాలేయం ముక్క మెరుగ్గా కనిపిస్తుంది. ఈ ఫలితాల్ని నేను కొట్టిపారేయను. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అయితే మన ఆసుపత్రుల్లో ప్రాణాలు నిలిపే మందు. పారాసిటమాల్ అతిగా మింగినవాళ్లకు ఎనిమిది గంటల్లోపు ఇస్తే ఖర్చయిన గ్లూటాథయోన్‌ను మళ్లీ నింపి కాలేయాన్ని కాపాడుతుంది. అక్కడ దాని పని ఏమిటో, ఎంత ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో అన్నీ తేలిపోయాయి. మీవారి విషయంలో వీటిలో ఒక్కటీ తేలలేదు.

ఎందుకంటే ఎలుకకు ఇచ్చే మోతాదు వేరు. ఈ ప్రయోగాల్లో కిలో బరువుకు 300 మిల్లీగ్రాముల టైటానియం డయాక్సైడ్‌ను గొట్టంతో నేరుగా కడుపులోకి ఎక్కించడం మామూలే. 82 కిలోల మనిషికి సూటిగా లెక్కేస్తే రోజుకు దాదాపు 25 గ్రాములు. ఎలుకకూ మనిషికీ జీవక్రియలో ఉన్న తేడాను సర్దుబాటు చేసి ఆరో వంతుకు దించినా నాలుగు గ్రాములు. ఇప్పుడు షెడ్డు వైపు రండి. నానో పరిమాణంలోని టైటానియం డయాక్సైడ్ పనిచోట గాలిలో ఘనపు మీటరుకు 0.3 మిల్లీగ్రాములకు మించకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2011లో సూచించింది. ఎనిమిది గంటల పనిలో మనిషి పీల్చేది సుమారు 10 ఘనపు మీటర్ల గాలి. ఆ పరిమితి దగ్గరే ఉన్నా రోజుకు మూడు మిల్లీగ్రాములు. మీవారి షెడ్డులో దుమ్ము ఆ పరిమితికి పదింతలున్నా 30 మిల్లీగ్రాములే. అందులోనూ ఎక్కువ భాగం ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల్లోనే ఆగిపోతుంది. రక్తంలోకి దాటి కాలేయం చేరేది కొద్ది భాగమే. అంటే టైటానియం దుమ్ము విషయంలో ముందు కాపాడుకోవాల్సింది ఊపిరితిత్తుల్ని.

పైగా పెయింట్‌లో తెలుపు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్ కణాలు సాధారణంగా 200 నుంచి 300 నానోమీటర్ల మధ్య ఉంటాయి. వెలుతురును బాగా చెదరగొట్టి తెల్లగా కప్పేది ఆ సైజే. ఇంకా చిన్నవైతే పారదర్శకంగా అయిపోతాయి, తెల్లగా కప్పడానికి పనికిరావు. కాబట్టి బాబు ఎలుకలకు ఇచ్చే కణం, నాన్న గన్‌లోంచి వచ్చే కణం పేరుకు ఒకటే అయినా పరిమాణంలో ఒకటి కావు. పెయింట్‌లో కొంత నానో పరిమాణం పిగ్మెంటూ కలుస్తుంది, లేదనను. కానీ ఆరిన పెయింట్‌ను ఎమరీ పేపర్‌తో గీకినప్పుడు లేచే దుమ్ములో కణాలు ఎక్కువగా రెజిన్‌లో ఇరుక్కునే ఉంటాయి.

సిరామిక్ కోటింగ్ సీసా మీద 'నానో' అని రాసి ఉండటం చూసి మీకు భయమేసి ఉంటుంది. ఆ సీసాల్లో సాధారణంగా ఉండేది సిలికా పునాదిగా ఉన్న రెజిన్, దాన్ని పల్చగా ఉంచే ద్రావకం. కారు మీద పూశాక ద్రావకం ఆవిరైపోయి రెజిన్ గట్టి పొరగా మారుతుంది. నానో అన్న మాట ఎక్కువగా అమ్మకం కోసం. నన్నడిగితే ఆ సీసాలో భయపడాల్సింది ఆవిరైపోయే ద్రావకానికే.

అసలు అనుమానితులు ఎవరో చూద్దాం. ఎత్తు, బరువు చూస్తే మీవారి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 29, అంటే బరువు ఎక్కువే. మన దేశపు మగవాళ్లలో నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే కాలేయంలో కొవ్వు చేరే అవకాశం పెరుగుతుంది. టేపు పెట్టి ఒకసారి కొలవండి. బొడ్డు దగ్గర కొలవాలి, ప్యాంటు బెల్టు దగ్గర కాదు. స్కాన్‌లో కొవ్వు కనిపించింది. ఎస్‌జీఓటీ కన్నా ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉంది, కొవ్వు వల్ల వచ్చే వాపులో తరచూ ఇలాగే ఉంటుంది. మద్యం ఒక్కటే కారణమైతే లెక్క తిరగబడి ఎస్‌జీఓటీ రెట్టింపు ఉండటం మామూలు. అలాగని మద్యానికి క్లీన్ చిట్ ఇవ్వడం లేదు. కొవ్వు ఉన్న కాలేయానికి వారంలో మూడు క్వార్టర్లు చిన్న విషయం కాదు. కల్లు అయితే పర్లేదని చాలామంది అంటారు. చెట్టు నుంచి దిగిన కాసేపటికే కల్లులో ఆల్కహాల్ తయారవుతుంది, కాలేయానికి ఆ తేడా తెలియదు.

మూడో అనుమానితుడు థిన్నర్, అంటే పెయింట్‌ను పల్చబరిచే ద్రావకం. నా దృష్టిలో నానో కణం కన్నా ఎన్నో రెట్లు ముఖ్యమైనది. టొలీన్, జైలీన్ లాంటి ద్రావకాల ఆవిరి ఊపిరితిత్తుల నుంచి తేలిగ్గా రక్తంలోకి చేరుతుంది. వాటిని విరిచి బయటికి పంపే బరువు కాలేయానిదే. థిన్నర్ పీల్చిన రోజు సాయంత్రమే మందు కూర్చుంటే, ఆల్కహాల్ అడ్డుపడి ఈ ద్రావకాలు శరీరంలోంచి పోవడం నెమ్మదిస్తుంది. అంటే పగలు పీల్చింది రాత్రి కూడా ఒంట్లో ఎక్కువసేపు తిరుగుతుంది. పరిశ్రమల రసాయనాల వల్ల కూడా కాలేయంలో కొవ్వు, వాపు వస్తాయని తేలింది. అమెరికాలో లూయీవిల్ దగ్గర వినైల్ క్లోరైడ్ (పీవీసీ ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) కార్మికుల్లో, లావు కానివాళ్లలో కూడా, అది కనిపించిందని 2010లో ప్రచురించారు.

మీవారు చేతులకు అంటిన పెయింట్‌ను దేనితో కడుక్కుంటారో గమనించారా? షెడ్డులో ఒక ప్లాస్టిక్ మగ్గులో థిన్నర్ పోసి, గుడ్డ ముంచి మోచేతుల దాకా తుడుచుకునే అలవాటు ఈ పనిలో ఉన్న చాలామందిది. చర్మంలోని నూనె కరిగి పొడిబారుతుంది, ద్రావకం ఆ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. తర్వాత అదే చేత్తో చాయ్ గ్లాసు పట్టుకుంటారు, ఆ గ్లాసు మూత లేకుండా గీకుతున్న డోరు పక్కనే ఉంటుంది. క్యాప్సూల్స్ ఆపితే నెలకు మూడు వేలు మిగులుతాయి, ఈ రెండూ మాన్పిస్తే ఆ క్యాప్సూల్స్ చేయలేని పని కూడా జరుగుతుంది. పని అయ్యాక ముందు వంటనూనెతో రుద్ది, తర్వాత సబ్బుతో కడిగితే పెయింట్ వస్తుంది. కాస్త ఓపిక పట్టాలంతే. ఇంకా మంచిది నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడం.

మీవారికే బాగా తెలిసిన ఉదాహరణ చెప్తాను. డోరు కింద తుప్పు పట్టిందనుకోండి. తుప్పు గీకకుండా, నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూడకుండా దాని మీదే ప్రైమర్ కొడితే ఏమవుతుందో ఆయనకు చెప్పనక్కర్లేదు. యాంటీ ఆక్సిడెంట్ మాత్ర ఆ ప్రైమర్. ప్రైమర్ చెడ్డదని కాదు, ముందు చేయాల్సిన పని వేరే ఉంది.

అయినా మంచిదే కదా, వేసుకుంటే పోయేదేముంది అని మీ అబ్బాయి అనొచ్చు. మనుషుల మీద చేసిన పెద్ద పరీక్షలు ఆ ధీమాను చెడగొట్టాయి. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద జరిపిన పరీక్షలో, బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చిందని 1994లో తేలింది. కాపాడుతుందనుకునే ఇచ్చారు. విటమిన్-ఇ 400 యూనిట్లు ఏళ్ల తరబడి వేసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో ఇంకో పెద్ద పరీక్ష చెప్పింది. అదే విటమిన్-ఇ కొందరికి మేలూ చేస్తుంది. షుగర్ లేకుండా, కాలేయంలో కొవ్వుతో పాటు వాపు ఉన్నట్టు బయాప్సీలో తేలినవాళ్లకు రోజుకు 800 యూనిట్ల చొప్పున 96 వారాలు ఇస్తే 43 శాతం మంది మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో మెరుగుపడింది 19 శాతమే. ఇది 2010 నాటి ఫలితం. అందుకే డాక్టర్ కొందరికి దీన్ని రాస్తారు, లాభనష్టాలు బేరీజు వేసి. కౌంటర్ మీద కొనుక్కోవాల్సిన మందు కాదది. సిలిమరిన్‌కు పేరు ఎక్కువ, పని తక్కువ. హెపటైటిస్-సి ఉన్నవాళ్లకు మామూలుకన్నా ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసినా ఎంజైములు దిగలేదని 2012లో ప్రచురించారు.

మీవారికి నడక మొదలుపెట్టమని చెప్పబోతున్నాను కాబట్టి ఇంకొక్కటి. జర్మనీలో 2009లో ప్రచురించిన చిన్న పరీక్షలో, నాలుగు వారాలు వ్యాయామం చేసినవాళ్లకు రోజూ విటమిన్-సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్-ఇ 400 యూనిట్లు ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, వేసుకున్నవాళ్లలో పడలేదు. కష్టపడ్డప్పుడు కండరంలో పుట్టే ఆ చురుకైన ఆక్సిజన్ కాస్త ఉండాలి. దాన్ని చూసే శరీరం తన సొంత రక్షణను పెంచుకుంటుంది. మాత్రలతో దాన్ని తుడిచేస్తే ఆ పిలుపు అందదు.

ఇక చేయాల్సింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, మీకు నమ్మకమున్న ఇంకెక్కడైనా గానీ ఫిజీషియన్‌కు రిపోర్టులతో పాటు ఐదు డబ్బాలూ తీసుకెళ్లి చూపించండి. పేర్లు చెప్తే సరిపోదు, డబ్బా మీద మోతాదు చూడాలి. హెపటైటిస్-బి, సి పరీక్షలు ఇంతవరకు చేయించి ఉండకపోతే తప్పకుండా చేయించండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెండింటికీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, చికిత్స ఉచితం. వాటితో పాటు కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్, థైరాయిడ్ కూడా చూడమనండి. మీరిచ్చిన అంకెలతో, కాలేయం ఎంత గట్టిపడిందో అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్క కట్టి చూశాను. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి. మీవారికి 1.13 వచ్చింది. 1.3 కన్నా తక్కువైతే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. కాబట్టి టెన్షన్ పడి రాత్రులు నిద్ర పాడుచేసుకోకండి. పట్టించుకోకుండా వదిలేయనూ వద్దు.

మూడు నెలలు మద్యం పూర్తిగా మానాలి. తగ్గించడం కాదు, మానడం. దసరా దావత్ వచ్చినా సరే. బరువు ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే కాలేయంలోని కొవ్వే కాదు, వాపు కూడా తగ్గుతుంది. అది మూడు నెలల్లో అయ్యేది కాదు, ఏడాది పట్టొచ్చు. మొదటి నాలుగు కిలోలకే ఎస్‌జీపీటీలో తేడా కనిపించవచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ అదే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. పరీక్షకు ముందు రెండు రోజులు ఇంజిన్లు, డోర్లు మోసే బరువు పని పెట్టుకోవద్దనండి. కండరాలు నొచ్చుకున్నా ఈ ఎంజైములు పెరుగుతాయి.

తిండి విషయంలో కొత్తగా కొనాల్సిందేమీ లేదు. మీ ఇంట్లో పుంటికూర, తోటకూర, మునగాకు, జామకాయ, ఉసిరికాయ ఉంటాయి. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, దాని ఎరుపంతా కెరోటినాయిడ్లదే, అదీ యాంటీ ఆక్సిడెంటే. అన్నం ఒక పూట తగ్గించి మక్క గట్కో, జొన్నరొట్టో పెట్టండి. పప్పు, గుడ్డు సరిపడా ఉండాలి. కాలేయం గ్లూటాథయోన్‌ను తయారు చేసుకునేది మాంసకృత్తుల్లోని సిస్టీన్‌తోనే. చక్కెర వేయని కాఫీ మంచిదే. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను: బూజు పట్టిన పల్లీలు, తడిసి నల్లబడ్డ మిరపకాయలు, మక్కజొన్న చవగ్గా వస్తున్నాయని తేవొద్దు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు కారణమని రుజువైన విషం. వండినా పూర్తిగా పోదు.

పని మానేయమనాలా అని అడిగారు. అక్కర్లేదు, షెడ్డు మారితే చాలు. ముఖానికి కట్టుకునే దస్తీ దేన్నీ ఆపదు. గీకేటప్పుడు ఎన్-95 మాస్క్ పెట్టుకోవాలి. నానో కణాలు అందులోంచి జారిపోతాయన్న భయం వద్దు. ఆ మాస్క్ పట్టుకోవడానికి ఎక్కువ కష్టపడేది 300 నానోమీటర్ల దగ్గరి కణాల్ని. అంతకన్నా చిన్నవి గాలిలో అటూ ఇటూ కొట్టుకుంటూ పీచుకు తగిలి అతుక్కుపోతాయి. కానీ థిన్నర్ ఆవిరిని ఎన్-95 ఆపలేదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్‌లున్న హాఫ్ మాస్క్ కావాలి. గడ్డం ఉంటే మాస్క్ అంచు చర్మానికి అతుక్కోదు, కాబట్టి గడ్డం తీసేయాలి. హార్డెనర్ కలిపిన క్లియర్ కోట్ ఇంకా పెంకిది. అందులోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఆస్తమా తెప్పిస్తాయి, వాసనతో ముందే కనిపెట్టలేం. బయటి శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే మాస్కే దానికి సరైనది. అంత ఖర్చు ఇప్పుడే కుదరకపోతే, క్లియర్ కోట్ పనిని ఎగ్జాస్ట్ ఉన్న స్ప్రే బూత్ గల ఇంకో షెడ్డుకు పంపడం నయం. గీకుడు పొడిగా కాకుండా వాటర్ పేపర్‌తో తడిగా చేస్తే సగం దుమ్ము లేవదు. బట్టల మీది దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదుకోవడం మాత్రం మాన్పించండి. నేల మీద పడిన దుమ్మును మళ్లీ ముక్కులోకి ఎక్కించుకోవడమే అది. పని బట్టలు షెడ్డులోనే విడిచి రావాలి, ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు.

కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కాళ్లవాపు, పొట్ట ఉబ్బరం, రక్తపు వాంతి కనిపించినా మూడు నెలలు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చివరగా మీ అబ్బాయి ప్రాజెక్టు. విలువ ఉందనే అంటాను, కానీ ఇలాంటి ప్రయోగాలు చాలావరకు ఒకే మూసలో నడుస్తాయి: ఏమీ ఇవ్వని గుంపు, కణాలిచ్చిన గుంపు, కణాలతో పాటు యాంటీ ఆక్సిడెంట్ ఇచ్చిన గుంపు, యాంటీ ఆక్సిడెంట్ ఒక్కటే ఇచ్చిన గుంపు. చివరికి కాపాడింది అని రాసేస్తారు. జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే ఇంకో రెండు గుంపులు పెట్టమనండి. ఒకటి, కాలేయం దెబ్బతిన్నాక మాత్రమే మందు మొదలుపెట్టిన గుంపు. రెండోది, ఏ మందూ ఇవ్వకుండా కణాలు ఆపేసి ఊరికే వదిలేసిన గుంపు. ఈ రెండింటినీ పోల్చి చూస్తేనే మందు చేసిన పని ఎంత, ఆపడం చేసిన పని ఎంత అన్నది తేలుతుంది.

ఇంకొకటి. కాలేయంలో టైటానియం ఎంత చేరిందో విడిగా కొలిపించాలి. రెండూ ఒకే పూట గొట్టంతో ఇస్తే క్వెర్సెటిన్ లాంటివి కడుపులోనే కణాల ఉపరితలానికి అంటుకుని, అసలు లోపలికి పోయే కణాలనే తగ్గించవచ్చు. అప్పుడు కాపాడింది కాలేయంలో కాదు, పేగుల్లో. వాడే ద్రవంలో కణాలు ముద్దకట్టి పెద్దవవుతున్నాయేమో కూడా చూడాలి. సీసా మీద 20 నానోమీటర్లని ఉన్నా నీళ్లలో కలిపాక ఎన్నో రెట్లవుతాయి. కాలేయం స్లైడ్లు చూసే పాథాలజిస్టుకు ఏ గుంపుదో చెప్పకుండా ఇవ్వాలి. ఇవన్నీ చేసి కూడా ఫలితం నిలబడితే, ఆ పేపర్ నాకు పంపమనండి, తప్పకుండా చదువుతాను.